ఎడమచేతి ముడి

అన్నదమ్ములిద్దరిదీ కడుతున్న భవనాలను ఫొటోలు తీసే పని. ఏడాది కిందట అలాంటి ఒక భవనం మెట్ల మీద అన్న కాలు జారాడు. పక్కనే అడ్డంగా కట్టిన ఇనుప గొట్టం ఉంది. పట్టుకుంటే బతికేవాడు. పట్టుకోకుండా, కెమెరా సంచీని రెండు చేతులతో పొట్టకు అదుముకుని పడ్డాడు. సంచీలోని పెద్ద లెన్స్‌కు గీత కూడా పడలేదు.

"ప్రాణమిచ్చి దక్కించుకున్నది. దీనికేమన్నా అయితే మీ అన్న రెండోసారి పోయినట్టే," అంటూ వదిన ఆ లెన్స్‌ను మరిది చేతిలో పెట్టింది. మాట ఇచ్చి తీసుకున్నాడు.

అన్న దాన్ని వదిన పాత నూలుచీర ముక్కలో చుట్టేవాడు. ఎడమచేతి వాటం మనిషి కదా, ముడి తిరగబడి పడేది. విప్పలేక ఇంటిల్లిపాదీ తిట్టుకునేవారు. ఆ చీరలో మిగిలిన ఒకే ఒక్క ముక్కను వదిన ఆయన చేతికి కట్టి, మనిషితోపాటే చితికి అప్పగించింది.

తమ్ముడిది కొత్త పద్ధతి. స్పాంజి అరల సంచీ కొన్నాడు. లెన్స్‌కు రెండువైపులా మూతలు బిగించి, కదలకుండా అరలో దింపాడు. మర్నాడు తెరిస్తే లెన్స్ గుడ్డలో ఉంది. తిరగబడ్డ ముడి.

"వదినా, నాతో పరాచికాలా?"

"నీ సంచీ నేనెందుకు ముడతానయ్యా? అందులో ఏ అమ్మాయి ఫొటో దాచావో ఏమో," అని నవ్వబోయి, గుడ్డ చూసి ఆగిపోయింది. అంచున నల్లగా కమిలి ఉంది. పొగ వాసన వేస్తోంది.

"ఇది నేను ఆయన చేతికి కట్టింది," అంది మెల్లగా.

తమ్ముడు గుడ్డను బీరువాలో పెట్టి తాళం వేశాడు. మరుసటి రోజు పని ఆ భవనంలోనే పడింది.

"ఏం ఫొటోగ్రాఫరూ, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావ్ సంచీని?" అన్నాడు మేస్త్రీ.

"పిల్లాడైతే పడ్డా లేస్తాడు మేస్త్రీ. ఇది లేవదు."

అన్న జారిన మలుపు దగ్గర భయంభయంగా జిప్పు లాగాడు. గుడ్డ లేదు. హమ్మయ్య అనుకుని లెన్స్ చేతిలోకి తీసుకున్నాడు. మరుక్షణం కాలికింద ఇసుక జారింది.

గొట్టం పట్టుకోవాలని తెలుసు. చేతులు వినలేదు. రెండూ లెన్స్‌నే పట్టుకున్నాయి, అచ్చం అన్న చేతుల్లాగే.

కుడి మణికట్టును ఎవరో గుంజినట్టయింది. వేళ్లు విడిపోయాయి. ఎక్కడో కింద అద్దం భళ్లుమంది. తమ్ముడు మెట్ల అంచు బయట గాల్లో వేలాడుతున్నాడు. మణికట్టుకూ గొట్టానికీ కలిపి చీర ముక్క బిగిసి ఉంది.

మేస్త్రీ పైకి లాగాడు కానీ ముడి విప్పలేకపోయాడు. మణికట్టు మీద దాన్ని అలాగే ఉంచి, గొట్టం వైపు గుడ్డ కోశాడు.

ఇంటికొచ్చి, పగిలిన లెన్స్‌ను వదిన ముందు పెట్టి తల వంచుకున్నాడు. "మాట నిలబెట్టుకోలేకపోయాను."

ఆమె లెన్స్ వంక చూడనే లేదు. మరిది చెయ్యి ఒళ్లోకి తీసుకుని, ముడి చుట్టూ వేలు తిప్పింది.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది మనిషికి," అంది. "దేన్ని చుట్టాలో తెలిసింది."

గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.