అచలక్షేత్రము

శరత్సాయంకాలమున వర్షధారాక్షాళితమైన కైలాసగిరిశిఖరము సంధ్యారాగరంజితమై విశాఖతీరతరంగములకు తన యరుణచ్ఛాయను పంచియిచ్చుచుండ ఆ కడలికభిముఖమైన పరిశోధనాలయమున భార్గవశర్మ యను భౌతికశాస్త్రాచార్యుడు నల్లబల్లయెదుట చిన్నబోయి నిలిచియుండెను.

పరమాణువుకంటెను సూక్ష్మములైన తంత్రుల కంపనమే జగత్తనియెడు సిద్ధాంతమున కాంతివేగమనంతమని భావించినచో నా తంత్రులేరీతి వర్తించునో విచారించుట యాతని వ్రతము. ఒడ్డున నిలిచి చూచినవానికిని నావనెక్కి చూచినవానికిని నియమమొక్కటిగానే కనబడవలెను, అదియే సౌష్ఠవము. కాని గణితము నెన్నివిధముల నడపినను తుదకొక శేషము మిగిలి యా సౌష్ఠవమును భంగపఱచుచుండెను. అది రద్దుగానిచో సిద్ధాంతమే నిలువదు.

కాంతికే జాగులేని యా లోకమును తలచునప్పుడెల్ల నాతనికి భార్య సువర్చల జ్ఞప్తికి వచ్చి గుండె బరువెక్కుచుండెను. ఆమెయు నీ శాస్త్రమునందే పండితురాలై పూనానగరమున నుద్యోగించుచుండెను. ఎవరెవరికడకు రావలెనను వాదమున "నేను కదలను" అని యాతడు భీష్మించుకొని కూర్చుండగా క్రమముగా మాటలే కరవాయెను. ఆమె లేని యింట నన్నము సయితము సహింపకుండెను. ఆ మాట యామెతో ననుటకు మాత్రము నోరు రాకుండెను.

వారిరువురును గణితరాశులకు తెలుగుపేళ్లు పెట్టుకొను నలవాటుగలవారు. తంత్రినంటి దాని పొడవునను వ్యాపించియుండు క్షేత్రమను నొక రాశికి శర్మ "అచల"మని పేరిడిన దినమున సువర్చల నవ్వి "అది యేల చలింపదండీ?" అని యడిగెను. "పేరే చెప్పుచున్నదిగదా!" యని యాతడు కొట్టిపాఱవైచెను. అది మొదలు తాను పెట్టిన పేరును తానే నమ్మి యా క్షేత్రమును గణితమున నెన్నడును కదల్చియెఱుగడు.

నేడా ప్రశ్న చెవిలో మెదలగా శర్మ యచలమును రవంత చలింపజేసెను. శేషమునకు సరిగా నెదురుగుర్తుతో మఱియొక పదము పుట్టి రెండును కలిసి శూన్యమాయెను. ఆనందము పొంగివచ్చెను. చెప్పుకొనుటకామె చెంతలేదను దుఃఖము దాని వెన్నంటియే వచ్చెను. ఆతడు ఫోను చేసెను.

"సువర్చలా! అచలము చలించినది."

"ఏది? క్షేత్రమా?"

"క్షేత్రము కూడను."

"నేనును కదలి సగముదారి రానా?"

"వలదు. నేటివఱకు కదలనిది యచలమొక్కటియే. నీవచటనే యుండుము."

కదలవలసినది తానేయని తెలియుటకు శర్మకిన్ని శరత్తులు పట్టెను. తెలిసినపిమ్మట మాత్రము పెట్టె సర్దుకొనుటకైన నాగక స్టేషనునకు బయలుదేరెను.