అత్తగారి ఇంటర్వ్యూ

రండమ్మా, రండి బాబూ, దగ్గరికి జరగండి! ఫోన్లు బోర్లా పెట్టండి. పకోడీలు తినేవాళ్ళు చప్పుడు కాకుండా నమలండి. ఇది మన టెక్సస్ ఇర్వింగ్‌లో జితేందర్ అనే మేనేజర్‌కి పట్టుకున్న భయం కథ. అది ఎంత భయమంటే, అతని గుండె చప్పుడుకి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు.

జితేందర్ కంపెనీలో ఒక రూల్ ఉంది. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళలో ఒక్క ఆడమనిషైనా లేకపోతే ఎవరికీ ఉద్యోగం ఇవ్వకూడదు. ఆసారి అప్లై చేసినవాళ్ళంతా మగవాళ్ళే. ఇంకొన్నాళ్ళు వెతకాల్సింది పోయి, వరంగల్ నుంచి చూడవచ్చిన అత్తగారు వసంతలక్ష్మి పేరు ఇంటర్వ్యూ లిస్టులో ఎక్కించేశాడు. ఆవిడ ఎలాగూ రాదు, రాలేదని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు.

కానీ లిస్టులో ఇంటి ఈమెయిలే ఇచ్చాడు, ఆ వీడియో కాల్ కాస్తా ఇంట్లో ఐప్యాడ్‌లో మోగింది. ఊళ్ళో చెల్లెలు చేసిందనుకుని అత్తగారు నొక్కేసింది. అటువైపు ఇంటర్వ్యూ చేస్తున్నది శ్యామ్‌సుందర్, మనవాడే. ఆవిడెవరో అతనికి తెలీదు.

"నమస్తే ఆంటీ!" అన్నాడు అలవాటుగా.

"తిన్నవా బిడ్డా? గట్ల చిక్కిపోయినవేంది?"

పెద్దావిడ ఆప్యాయంగా మాట్లాడుతుంటే మధ్యలో కట్ చేయడం మనవాళ్ళ వల్ల అయ్యే పనేనా? గోంగూర పచ్చడి పెట్టే విధానం దగ్గరికి వచ్చేసరికి గంట దాటింది. ఆన్‌లైన్‌లో ఎదురుచూస్తూ కూర్చున్న అమెరికన్ కుర్రాడికి మిగిలింది ఐదు నిమిషాలు. ఉద్యోగం రాలేదు. అతను కోర్టుకెక్కాడు. ఆడమనిషికి గంట, నాకు ఐదు నిమిషాలా? ఈ రూలే చట్టానికి విరుద్ధం అన్నాడు.

లాయర్ల ముందు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పమని జితేందర్‌కి పిలుపొచ్చింది. నిజం చెబితే జాబ్ పోతుంది, దాని వెనకే వీసా పోతుంది. అబద్ధం చెబితే జైలు. కారెక్కితే అతని చెమటకి అద్దాలు లోపలివైపు కారిపోయేవి.

"మా అమ్మను గూడ పిలుస్తరా?" అంది భార్య హంసిక. "పిలిస్తే జడ్జిగారి కొడుక్కి సంబంధం చూసొస్తది."

"నవ్వకే! ఇక్కడ నా వీసా పోయేటట్లుంటే నీకు పరాచికాలా!"

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద టేబుల్‌కి అటు ఆ కుర్రాడి లాయరు, ఇటు కంపెనీ లాయరు, మూలన మాటలన్నీ టైప్ చేసే ఆయన. వీడియో వేశారు. కింద ఇంగ్లిష్ అనువాదం నడుస్తోంది. అత్తగారు నవ్వుతూ గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో చెబుతోంది. ఆవిడ తల వెనక గోడమీద, బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు ఫోటో!

జితేందర్ నెత్తురు చల్లబడిపోయింది. గదిలో ఏసీ ఆపేసినా అందరికీ చలేసింది.

కుర్రాడి లాయరు వీడియో ఆపి, ఫోటోని పెద్దది చేశాడు. తెర వంక చూశాడు. జితేందర్ వంక చూశాడు.

"ఈ పెళ్ళికొడుకు ఎవరు?"

జితేందర్ గుటక మింగితే గది దద్దరిల్లింది.

"నేనే."

"మరి ఈవిడ?"

"మా అత్తగారు."

కంపెనీ లాయరు కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకున్నాడు. జితేందర్ వంక చూడకుండానే చెయ్యి చాపాడు.

"మీ ఆఫీస్ బ్యాడ్జ్ ఇలా ఇచ్చేయండి."

జితేందర్ మెడలోంచి తీయబోతే, తాడు చొక్కా గుండీకి చిక్కుకుంది.

అప్పుడు మూలనున్న టైపు ఆయన మెల్లిగా చెయ్యెత్తి అడిగాడు: "వీడియో సరిగ్గా అక్కడే ఆపేశారు. గోంగూరలో ఉప్పు వేయించకముందు వెయ్యాలా, వేయించాకా?"