ఒండ్రు మీద అలికిన నేల

నేను ఒక మట్టిపెళ్ళను. ఇప్పుడు గాజుపలక మీద వెంట్రుకకన్నా పలచగా అతుక్కుని ఉన్నాను. ఒకప్పుడు, వేంగి రాజుల కాలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో పోలమ అనే ఆవిడ ఇంటి నేలను.

అది నేతగాళ్ళ వీధి. తెల్లవారితే మగ్గాల చప్పుడు. పోలమ రోజూ నన్ను పేడతో అలికేది. పొయ్యిలో బూడిద, చేప పొలుసులు, ఊక అన్నీ ఆ అలుకులో కలిసి నాలో ఇంకిపోయేవి. ఆమె మొగుడు బట్టల మూటలు పడవలో రేవుకు తీసుకెళ్ళేవాడు.

ఒక ఏడు అతను రేవుకు వెళ్ళినప్పుడే ఏరు ఊరి మీద పడింది. నీరు తీసేసరికి నా మీద జానెడు ఒండ్రు. పడవ తిరిగి రాలేదు. వీధిలో వాళ్ళు మూటలు కట్టుకుని, పోలమను కూడా రమ్మన్నారు.

"ఆయనొస్తే ఇల్లు ఎక్కడని వెతుక్కుంటాడు? నేను రాను," అంది.

ఒండ్రును కాళ్ళతో తొక్కి చదును చేసి, దానిమీద మళ్ళీ అలికింది. ఆ మొదటి రోజు ఆమె అరచేయి ఎంతసేపు ఒకేచోట ఆగిందో నాకింకా గుర్తుంది. అతను రాలేదు. వెళ్ళినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే వచ్చారు. మగ్గాలు మళ్ళీ మోగాయి.

ఆ తర్వాత పట్టణం దిబ్బ అయింది. రాజుల పేర్లు శాసనాల్లో వెతికి వెతికి చదువుకునే మనుషులు మమ్మల్ని మాత్రం పాటిమన్నని, మంచి ఎరువని బళ్ళకెత్తి చేలల్లో చల్లుకున్నారు. మిరప బాగా కాసిందట. మిగిలిన దిబ్బను భుజంగరావు అనే పురావస్తు అధికారి తవ్వించాడు. ఒండ్రు పొర చూసి, వరదతో ఈ పట్టణం ఖాళీ అయిపోయిందని పుస్తకం రాశాడు. ఒండ్రు మీది నల్లమట్టి ఆయన కంటికి ఉత్త చెత్త.

చాలా ఏళ్ళకు సత్యవాణి అనే మట్టి శాస్త్రవేత్త వచ్చి, అదే గోతి గోడలోంచి నన్ను రేకుపెట్టెతో కోసి తీసింది. జిగురు పోసి గట్టిపరిచి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసింది. అప్పటికి రిటైరై, చేతికర్రతో నడుస్తున్న భుజంగరావును పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"కింద పేడ అలుకు. మధ్యలో ఒండ్రు. ఇప్పుడు పైన చూడండి సార్."

ఆయన చాలాసేపు చూశాడు. "మళ్ళీ అలుకే కదమ్మా."

"అవునండీ. ఒకదానిమీద ఒకటి, ఎన్నో ఏళ్ళు. వాళ్ళు ఊరు వదిలిపోలేదు సార్."

పుస్తకం తప్పయిందని బాధపడతాడేమోనని ఆమె ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా చిన్నప్పుడు ఉప్పెనొచ్చింది తల్లీ. మా తమ్ముడు కొట్టుకుపోయాడు. మర్నాడే మా నాన్న మమ్మల్ని తీసుకుని వచ్చేశాడు. మళ్ళీ ఆ ఊరి మొహం చూళ్ళేదు. మేం వెళ్ళిపోయాం కదా, అందరూ అంతేననుకున్నాను."

ఆయన ఇంకోసారి వంగి నన్ను చూశాడు. పోలమ చేయి ఆగిన చోటే ఆయన చూపూ ఆగింది.

ఇప్పుడు నేను మ్యూజియం అద్దాల బీరువాలో ఉంటున్నాను. నన్ను అక్కడ పెట్టేరోజు ఆయన కోసం కుర్చీ వేశారుగానీ ఆయన రాలేదు. ఎవరో అడిగితే సత్యవాణి చెప్పింది:

"పొద్దున్నే వాళ్ళ ఊరు బయల్దేరారండీ. అక్కడ ఎవరున్నారని అడిగితే, తమ్ముడున్నాడన్నారు."