పొగకు ఇరవైమూడు సాక్ష్యాలు

ఆ ఏడాది ఊరంతా జ్వరాలు ముసిరాయి. దోమలకు పొగ కొట్టించాలా, మురుగుకాల్వల పూడిక తీయించాలా అన్నది ఆరోగ్య శాఖ తేల్చాలి. రెండింటికీ మనుషులు చాలరు. డైరెక్టర్‌కు పొగంటే మోజు. పొగ ఫొటోలో పడుతుంది. కాల్వను ఎంత బాగుచేసినా ఫొటోలో అది కాల్వే.

పొగ మంచిదని చెప్పే పరిశోధనా వ్యాసాలు వెతికి పెట్టమని శాఖ లైబ్రేరియన్‌కు కబురొచ్చింది. కాదని చెప్పేవి కూడా తేనా అని అతను అడిగితే, అవి అడగలేదు కదా అన్నారు.

అతనికిది వట్టి ఆఫీసు పని కాదు. వాళ్లక్క ఇల్లు కాల్వ ఒడ్డునే. ఆమె మనవరాలికి రెండు నెలల్లో రెండుసార్లు జ్వరం వచ్చింది. మూడోసారి వస్తే పిల్ల తట్టుకోదని డాక్టర్ మొహమ్మీదే చెప్పాడు.

వెతికితే ఇరవైమూడు దొరికాయి. అన్నీ పొగ భేషన్నవే. అందరూ మొదటి పేజీలో సారాంశం చదివి ఊరుకుంటారు. ఇతను మాత్రం చివరనున్న ఆధారాల జాబితా నుంచి వెనక్కి చదువుతాడు. ఇరవైమూడోది ఇరవైరెండోదాన్ని చూపించింది. అది పదిహేడోదాన్ని చూపించింది. అలా వేళ్లు చూపించుకుంటూ అన్నీ వెళ్లి ఒకే గుమ్మం ముందు ఆగాయి. ముప్పై ఏళ్ల కిందటి వ్యాసం. సొంతంగా దోమను చూసినవాడు అది రాసిన ఒక్కడే. ఆ మహానుభావుడు పరీక్షించింది పద్నాలుగు ఇళ్లు. పొగ కొట్టాక ఎవరికీ జ్వరం రాలేదని రాశాడు. ఎలా వస్తుంది? పొగ భరించలేక తొమ్మిదిళ్ల వాళ్లు ఊరొదిలి పోయారు. ఖాళీ ఇళ్లను జ్వరం లేని ఇళ్ల కింద వేసుకున్నాడు.

లైబ్రేరియన్ ఇదంతా రెండు పేజీల్లో రాసి పట్టుకెళ్లాడు. డైరెక్టర్ పేజీ తిప్పలేదు.

"ఇరవైమూడు మంది పెద్దలు తప్పు రాస్తారటయ్యా?"

"ఇరవైమూడు మంది కాదు సార్, ఒక్కడే. మిగతావాళ్లు వాణ్ణి చూసి రాశారు."

"అంతమంది చూసి రాశారంటే వాడెంత గొప్పోడయ్యుండాలి?"

అలాంటి ప్రశ్నకు జవాబు ఏ లైబ్రరీలోనూ ఉండదు. కాల్వల మీద ఆరు వ్యాసాలున్నాయని, ఆరుగురూ ఎవరికి వాళ్లు ఇల్లిల్లూ తిరిగి రాశారని లైబ్రేరియన్ చెప్పాడు. ఆరు పెద్దదా, ఇరవైమూడు పెద్దదా అని డైరెక్టర్ నవ్వాడు. పక్కనున్న సహాయ డైరెక్టరూ నవ్వాడు. అతని ఉద్యోగమే అది.

తన రెండు పేజీలు కమిటీ ముందు పెడితే చాలని లైబ్రేరియన్ బతిమాలాడు. జన్మలో ఎవరినీ బతిమాలనివాడు పిల్ల సంగతి కూడా చెప్పాడు. డైరెక్టర్ మెత్తబడి, పెట్టిస్తానన్నాడు. మాట తప్పలేదు.

కమిటీ పావుగంట కూర్చుంది. చదివే తీరిక ఎవరికీ లేదు. సహాయ డైరెక్టర్ శీర్షికలు మాత్రం చూసి, పొగ అన్న మాట ఉన్నవి ఒక పక్క, కాల్వ అన్నవి ఇంకో పక్క పేర్చాడు. లైబ్రేరియన్ తన కాగితానికి పెట్టిన శీర్షిక 'పొగపై వ్యాసాల పరిశీలన'. మినిట్స్‌లో ఇలా ఎక్కింది: పొగకు అనుకూలం ఇరవైనాలుగు, కాల్వలకు ఆరు.

వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. వీధిలోకి పొగ మిషన్ వచ్చిందని చెప్పి, కాల్వవాళ్లు ఎప్పుడొస్తార్రా అని అడిగింది.

"రారక్కా. పిల్లను తీసుకుని మా ఇంటికొచ్చెయ్."

"ఎన్నాళ్లురా?"

"మా డైరెక్టర్ రిటైరయ్యేదాకా."