వ్యాన్‌లోంచి వియత్నాం

లక్ష్మీపతి ఏ ఊరు వెళ్ళొచ్చినా ఆ ఊరిని రెండుసార్లు చూస్తాడు. ఒకసారి అక్కడికి వెళ్ళి. రెండోసారి న్యూజెర్సీ ఎడిసన్‌లో, తన ఇంటి హాల్లో, నలుగురినీ భోజనానికి పిలిచి, గోడంత టీవీ మీద. మొదటిసారి చూసింది సరిగ్గా బుర్రకెక్కదు కాబట్టి రెండోసారి చూసేటప్పుడు భార్య కనకదుర్గను వంటింట్లో సిద్ధంగా ఉంచుకుంటాడు.

"ఏమోయ్, ఆ కోట పేరేంటి?" అని హాల్లోంచి కేకేస్తాడు. వంటింట్లోంచి జవాబు వస్తుంది. ఒకసారి గొంతు సవరించుకుని, అదే జవాబును తన సొంత పరిశోధనలా అతిథులకు అందిస్తాడు. గ్రీసు అలాగే చూపించాడు, ఈజిప్టు అలాగే చూపించాడు. నాటకంలో తెర వెనక ప్రాంప్టరుకి కరపత్రం అడుగునైనా పేరు వేస్తారు. కనకదుర్గకు ఆ ముచ్చటా లేదు. పైగా బజ్జీలు వెయ్యాలి.

వియత్నాం నుంచి వచ్చి మూడు వారాలయింది. ఆ శనివారం సాయంత్రం గుమ్మం దగ్గర మంచు అంటిన బూట్లు కుప్పపడ్డాయి. తెలుగు సంఘం అధ్యక్షుడు కేశవరావు, ఆయన భార్య రాధారాణి, పక్క వీధి పద్మ వచ్చారు. లక్ష్మీపతి ఆఫీసులో ఆయన కింద పనిచేసే శశికాంత్ కూడా వచ్చాడు. పెళ్ళాం వీసా ఇంకా రాలేదు కాబట్టి ఆ కుర్రాడు శనివారాలు ఎవరు పిలిచినా వెళ్తాడు, ఏం చూపించినా చూస్తాడు.

మిరపకాయలు చీరుతూ కనకదుర్గ పొద్దుటి ఫోన్ గురించే ఆలోచిస్తోంది.

"చెల్లెమ్మా, ఉగాది ఫంక్షన్‌లో పిల్లల డాన్సులకీ డిన్నర్‌కీ మధ్య ఇరవై నిమిషాల గ్యాప్ వచ్చింది. వియత్నాం మీద బావగారి చేత మాట్లాడిద్దామని నా ప్లాను. సాయంత్రం శాంపిల్ చూసి ఫైనల్ చేసేస్తా" అన్నాడు కేశవరావు.

"అన్నయ్యగారూ, నేను..." అందామె.

"నువ్వేం కంగారు పడకమ్మా. ఆ రోజు నీకు వంట పనేం ఉండదు. అంతా కేటరింగే."

ఫోన్ పెట్టేసినా ఆ 'నేను' ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. అసలు వచ్చిన దగ్గర్నుంచీ అలాగే ఉంది. ఆ సముద్రం గురించి ఎవరికైనా చెప్పాలని మూడు వారాలుగా నాలుక దురద పెడుతోంది. కానీ గుళ్ళో కనపడినవాళ్ళూ, ఓక్ ట్రీ రోడ్ మీద కూరల కొట్లో కనపడినవాళ్ళూ అందరూ ఒక్కటే అడిగారు, "వెజ్ దొరికిందా?" అని. దొరికిందంటే చాలు, వియత్నాం అక్కడితో అయిపోయేది. ఉగాది స్టేజీ మీద ఆ ఇరవై నిమిషాలూ తనకిస్తే ఎంత బాగుండును!

హాల్లో షో మొదలయింది.

"గ్రూప్ టూర్ అంటే గొర్రెల మందండీ. నలభై మందిని బస్సులో కుక్కి తిప్పుతారు. మేం డానాంగ్‌లో దిగగానే ప్రైవేట్ టూర్ తీసుకున్నాం. మన వ్యాను, మన డ్రైవరు, మన గైడు. మనం ఆగమన్న చోట ఆగాల్సిందే" అంటున్నాడు లక్ష్మీపతి.

ఆ మాట అబద్ధమేం కాదు. ప్రైవేట్ ఎందుకు తీసుకున్నాడన్నదే ఆయన చెప్పలేదు. న్యూజెర్సీ ఆఫీసులో ఆ రాత్రే పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్. ఇక్కడ రాత్రయితే అక్కడ పగలు. ఈ టూర్ ఇంకో రోజు పెట్టుకుందామండీ అని కనకదుర్గ అంటే, "గంటలో అయిపోయే కాల్‌కి రోజు మార్చుకోవాలా?" అన్నాడు. బస్సులో మిగతా ముప్ఫై ఎనిమిది మందీ ఆయన కాల్ అయ్యేదాకా ఆగరు కనక ప్రైవేట్. పొద్దున వ్యాన్ వెనక సీట్లో ఒక చేత్తో బ్లాక్‌బెర్రీ, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న మనిషి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. ఆగిన చోటల్లా ఒకసారి దిగేవాడు. కొండకో గుడికో వీపు పెట్టి నిలబడేవాడు. కనకదుర్గ కెమెరా నొక్కగానే మళ్ళీ ఎక్కేవాడు. ఇప్పుడు టీవీ మీద ఏ ఫొటో చూసినా ఆయన చెవిలో బ్లూటూత్ నీలంరంగు దీపం మిణుకుమంటోంది.

గైడు పేరు హోవా. ముప్ఫై ఏళ్ళ మనిషి, కబుర్ల పుట్ట. మొదటి గంట అయిందో లేదో వెనక సీటు వైపు చూడటం మానేసి, "రా సిస్టర్" అని కనకదుర్గ చెయ్యి పట్టుకుని నడిచింది.

"ఇది చామ్ మ్యూజియం. చూశారా, మన శివలింగం, మన గణపతి! వెయ్యేళ్ళ కిందటే మనవాళ్ళు ఓడలేసుకుని వెళ్ళి చెక్కిన శిల్పాలు" అన్నాడు లక్ష్మీపతి.

"మనవాళ్ళంటే తెలుగువాళ్ళేనా బావగారూ?" కేశవరావు ముందుకు జరిగాడు.

"ఆఁ, తెలుగువాళ్ళే. గుంటూరు వైపు నుంచి." లక్ష్మీపతిది గుంటూరు. "ఏమోయ్, గుంటూరే కదూ?"

కనకదుర్గ బజ్జీ తిరగేస్తూ చెప్పింది. "కాదండీ. అక్కడి చామ్ వాళ్ళే చెక్కుకున్నారు. దేవుళ్ళు మనవాళ్ళు, చేతులు వాళ్ళవి."

లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు. "అంటే, టెక్నికల్‌గా చామ్ వాళ్ళేలెండి. నేననేదేంటంటే, దేవుళ్ళు మనవాళ్ళు. చేతులు వాళ్ళవి."

"ఆహా! ఏం చెప్పారు బావగారూ! స్టేజీ మీద ఈ ఒక్క లైను పడిందంటే చప్పట్లే చప్పట్లు" అన్నాడు కేశవరావు.

వంటింట్లో జల్లిగరిటె ఆగిపోయింది. మ్యూజియంలో ఒక విరిగిన నర్తకి ముందు చాలాసేపు నిలబడితే కనకదుర్గకు తట్టిన మాట అది. ఆ సాయంత్రం హోటల్లో చెప్పబోతే, "ఉండవోయ్, మెయిల్ చూసుకోనీ" అన్నాడీయన. ఆ మాటకు ఇప్పుడు ఆయనకు చప్పట్లు. నూనెలో రెండు బజ్జీలు మాడాయి. ఆవిడ వాటిని తీసి పక్కన పడేసి, చెయ్యి ఎత్తి, పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ బొత్తాన్ని ఆఖరి దాకా తిప్పింది.

విమానం లేచినట్టు లేచింది మోత.

"ఏమోయ్!" అని హాల్లోంచి కేక. "ఏమోయ్ దుర్గా!" ఫ్యాన్ తిరుగుతోంది.

కిటికీ లాంటి చిన్న తలుపులోంచి హాలు కనపడుతూనే ఉంది. ఫ్యాన్ మోతలో ఆ మాటలు సగం వినపడుతున్నాయి, సగం వినపడటం లేదు. వినపడిన సగం చాలు.

"ఇది పాలరాతి కొండ. లోపల గుహ ఉంటుంది" అన్నాడు లక్ష్మీపతి.

"గుహలో ఏముంటుందండీ?" పద్మ అడిగింది.

"గుహలో... రాయి ఉంటుంది."

"దేవుడేం లేడా?"

"ఉంటాడు. దేవుడు లేని చోటెక్కడుందమ్మా?"

రాధారాణి పెదవి బిగబట్టి శాలువా సర్దుకుంది. శశికాంత్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఫొటో కింద మూల పడ్డ తేదీనే చూస్తూ కళ్ళు చిట్లించాడు.

"సార్, ఇది మన రిలీజ్ డేట్ కదా?"

"అయితే?"

"అదే సార్, ఆ రోజు మీరు మాతోనే ఉన్నారు కదా కాల్‌లో. నైట్ అంతా. మేమంతా అనుకున్నాం, వెకేషన్‌లో ఉండి కూడా సార్ డ్రాప్ అవలేదు, గ్రేట్ అని. మీరు మ్యూట్ మర్చిపోయారు సార్. ఎవరో డ్రైవర్ మాటిమాటికీ 'వాటర్ సార్, వాటర్ సార్' అంటున్నాడు." కుర్రాడి మొహంలో కల్లాకపటం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. "మరి ఈ కొండ ఎప్పుడెక్కారు సార్?"

"మల్టీ టాస్కింగ్ శశీ, మల్టీ టాస్కింగ్" అని లక్ష్మీపతి గబగబా తరవాతి ఫొటోకి వెళ్ళాడు.

సముద్రపు ఒడ్డు. ఇసక మీద బోర్లించిన పెద్ద పెద్ద గుండ్రటి బుట్టలు. ఎప్పటిలాగే వాటికి వీపు పెట్టి లక్ష్మీపతి, చెవిలో దీపం.

"ఏమోయ్!" అన్నాడు ఆశ చావక. ఫ్యాన్ తప్ప ఎవరూ పలకలేదు. ఆయన ధైర్యం తెచ్చుకున్నాడు. "ఇవి చేపలు ఆరబెట్టుకునే గంపలు."

"ఇంతింత గంపలా?" అంది పద్మ.

"సముద్రం కదమ్మా. పెద్ద చేపలుంటాయి."

అని తరవాతి ఫొటోకి నొక్కాడు. కెమెరాలో ఉన్నవి ఉన్నట్టు లాప్‌టాప్‌లోకి దింపుకున్నాడే తప్ప, తను లేని ఫొటోలు ఆయన ఎప్పుడూ చూసుకోడు. తరవాతిది ఏమిటో ఆయనకూ తెలియదు.

అదే గంప. కాకపోతే నీళ్ళ మీద ఉంది. అందులో తెడ్డు పట్టుకున్న ఒక ముసలమ్మ, ఆవిడ ఎదురుగా తాటాకు టోపీ పెట్టుకుని, రెండు చేతులా గంప అంచు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ఇంకో మనిషి.

"ఇదెవరూ... అమ్మో, వదినే!" అని రాధారాణి లేచి నిలబడింది. "ఏంటి అన్నయ్యగారూ, వదినను కూడా ఆరబెట్టారా?"

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. లక్ష్మీపతి ఒక్కడే టీవీ వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఇదెప్పుడు?" అన్నాడు. తనలో తను అనుకున్నాననుకున్నాడు గానీ హాలంతా విన్నది.

రాధారాణి గబగబా వంటింట్లోకి వచ్చి ఫ్యాన్ కట్టేసింది. "చాల్లే బజ్జీలు. నువ్వు రా బయటికి."

జల్లిగరిటె చేత్తోనే వచ్చింది కనకదుర్గ. గోడ మీద అంత పెద్దగా తను. హోవా ఒడ్డు నుంచి ఈ ఫొటో తీసిన సంగతే మర్చిపోయింది. తనకు ఇన్ని పళ్ళున్నాయని కూడా ఎప్పుడూ గమనించుకోలేదు.

"అది గంప కాదు. పుట్టి" అంది.

"పుట్టా?" అన్నాడు కేశవరావు.

"మన కృష్ణలో తిప్పేదే. కాకపోతే వీళ్ళు సముద్రంలో తిప్పుతారు. వెదురుతో అల్లి, నీళ్ళు పట్టకుండా పేడా, చెట్టు జిగురూ కలిపి పూస్తారట."

"పేడా!" అంది పద్మ.

"పేడే. మీ అమ్మగారు వాకిట్లో చల్లేదే. హోవా ఒక కథ కూడా చెప్పింది. ఫ్రెంచివాళ్ళ కాలంలో పడవల మీద పన్ను వేశారట. బెస్తవాళ్ళేమో, 'ఇవి పడవలేంటి దొరా, బుట్టలు కదూ?' అన్నారట. దొర నమ్మేశాడట. నిజమో అబద్ధమో నాకు తెలీదు." భర్త వైపు ఒకసారి చూసింది. "ఆ దొర తరవాత మళ్ళీ నమ్మింది మా ఆయనే."

కేశవరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. శశికాంత్ సార్ వైపు చూసి, నవ్వాలో వద్దో తెలియక బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు.

"భయం వెయ్యలేదా వదినా?"

"వెయ్యకపోవడమేం? ఒడ్డున చూస్తే అల ఇంతే ఉంది, లోపలికెళ్ళేసరికి అల మీద అల. ఆ ముసలావిడ మధ్యలో తెడ్డు ఆపి, నా మొహం చూసి, పుట్టిని గిర్రున తిప్పింది. ఆకాశం, కొండ, ఒడ్డు, వ్యాను, మళ్ళీ ఆకాశం. అమ్మా అని అరిచాను."

"అన్నయ్యగారిని పిలవకపోయావా?"

"పిలిస్తే మాత్రం? ఆయన చెవిలో న్యూజెర్సీ ఉంది."

ఆవిడ అక్కడే సోఫా చేతి మీద కూర్చుంది. తడిసిన సల్వారుతోనే హోయాన్ వీధుల్లో తిరిగిన సంగతి చెప్పింది. గుమ్మం గుమ్మానికీ గుడ్డ లాంతర్లు కట్టిన పాత ఊళ్ళో, హోవా వాళ్ళ మేనత్త ఇంట్లో, పూర్వీకుల పటాల ముందు పెట్టిన అరటిపండు ప్రసాదంలా తన చేతిలో పెట్టిన సంగతి చెప్పింది. ఎవరూ వెజ్ మాట ఎత్తలేదు. బజ్జీలు చల్లారిపోయినా ఎవరూ అడగలేదు. ఫొటోలు మార్చే పని ఎప్పుడు తన మీద పడిందో లక్ష్మీపతికే తెలియలేదు. ఆవిడ "తరవాతది" అంటే నొక్కుతున్నాడు.

అంతా అయ్యాక కేశవరావు తొడ చరుచుకున్నాడు.

"బ్రహ్మాండం! ఫైనల్ చేసేశా. బావగారూ, ఈ పుట్టి కథ మీ స్పీచ్‌లో కలిపేయండి. చెల్లెమ్మా, నువ్వు ఇదంతా నీట్‌గా రాసి ఆయనకిచ్చేయ్."

కనకదుర్గ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే తల ఊపుతున్నాడు. "దాందేముంది, రాసిస్తుంది" అన్నాడు, గొంతు సవరించుకుంటూ.

ఆ గొంతు సవరింపు వినగానే మూడు వారాల్నుంచీ లోపల ఇరుక్కుపోయిన మాట బయటికొచ్చింది.

"నేను రాసివ్వను అన్నయ్యగారూ. నేనే మాట్లాడతాను."

"నువ్వా? స్టేజీ మీదా?" కేశవరావు నొచ్చుకోకుండా చెప్పాలని తంటాలు పడ్డాడు. "నాలుగొందల మంది ఉంటారమ్మా. అలవాటు లేని పని..."

"పుట్టి మాత్రం నాకేం అలవాటు?"

"ఏమండీ," అంది రాధారాణి మొగుడితో, "ఫోన్ తీసి వదిన పేరు కొట్టుకోండి. మీరు మర్చిపోతారు."

కేశవరావు ఫోన్ తీశాడు. ఇంట్లో ఆయన ఏ హోదాలో ఉంటాడో ఆ తీసిన తీరులోనే తెలిసింది.

"మరి నేనూ?" అన్నాడు లక్ష్మీపతి.

"మీరు స్లైడ్లు మారుద్దురుగాని. ఇప్పుడు బాగానే మార్చారు."

ఆయన లేచి, లాప్‌టాప్ మూసి, పోయిన పరువును ఆఫీసు గొంతుతో వెనక్కి తెచ్చుకోబోయాడు. "చూడాలి. ఆ వీకెండ్ నాకు రిలీజ్ ఉందేమో."

"ఉంటే ఉండనివ్వండి. ఫంక్షన్ హైస్కూల్లోనేగా, కారు పార్కింగ్‌లోనే ఉంటుంది. హీటర్ వేసుకుని కూర్చోండి" అంది కనకదుర్గ లేస్తూ. "మంచినీళ్ళు శశికాంత్ చేత పంపిస్తాను."