గీత దాటిన ఎరుపు

జగిత్యాల కాలేజీలో చరిత్ర చెప్పే శ్యాంసుందర్ సారు సిరిసిల్లలోని మా ఇంటికి ఒక బొమ్మ తెచ్చారు. నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలో అచ్చువేసి, ఇళ్లలో గోడకు పెట్టుకునేందుకు చవకగా అమ్మిన బొమ్మకు నకలు అది. ఎడ్లబండ్లు బారుగా పడమటి కొండలవైపు పోతున్నాయి. అంచున అక్కడి ఆదివాసులు ఇద్దరు గుర్రాలు ఆపి చూస్తున్నారు. ఆ నేల వాళ్లదేనట.

దాన్ని పట్టులో నేసిమ్మన్నారు. ఆదివారం కాలేజీలో ప్రదర్శన. బొమ్మ పక్కనే గుడ్డ పెడతారు. పోలిక కుదరకపోతే పెట్టరు. పదిమంది చూసే చోటికి నా పని పోవడం ఇదే మొదలు.

ఇట్లాంటి బొమ్మలు గీసినవాళ్లలో చాలామంది ఆ పడమటి దిక్కు చూడనేలేదని సారు చెప్పారు. అయినా ఎద్దు మెడలో బరువు తెలుస్తోంది. మిట్ట ఎక్కే ఎద్దు తల ఎట్లా వంచుతుందో అట్లాగే వంచింది. అచ్చులో వచ్చేవి నల్ల గీతలే. రంగులు మాత్రం ఆడవాళ్లు వరుసగా కూర్చుని, మనిషికో రంగు చొప్పున చేత్తో అద్దేవారట.

గురువారం బండి తోలేవాడి ఎర్ర అంగీ నేశాను. బొమ్మలో ఎరుపు గీత దాటి భుజం పక్కకు జరిగింది. తప్పు అనుకుని నేను గీత దగ్గరే ఆపాను.

పోగును కండెలకు చుడుతున్న నా భార్య రాజలక్ష్మి లేచి వచ్చి రెండూ మార్చి మార్చి చూసింది. పెళ్లికి ముందు కోరుట్లలో బీడీలు చుట్టిన మనిషి.

"గామె చెయ్యి ఏడవోయింది?" అంది.

ఎవరి చెయ్యని అడిగాను.

"ఎరుపు అద్దినామెది. పొద్దుగూకినట్టుంది, ముంగట ఇంకా బొమ్మల కుప్ప ఉన్నట్టుంది. చెయ్యి ఆగలె. ఎడ్లను దించినవు, బండ్లను దించినవు, గామెనొక్కదాన్ని తుడిచేసినవు."

శుభ్రంగా ఉంటేనే సారుకు నచ్చుతుందేమో అన్నాను.

"అయితే గా బొమ్మెందుకు? నీ సొంత అమెరికా నేసుకో" అని మళ్లీ కండెల దగ్గర కూర్చుంది.

రోజంతా నేసింది ఊడదీశాను. ఎర్ర పోగును భుజం దాటించి మళ్లీ నేశాను. శనివారం సాయంత్రానికి గుడ్డ మగ్గం దిగింది.

సారు వచ్చి రెండూ పక్కపక్కన పరిచారు. ఆయన వేలు భుజం దగ్గర ఆగింది. రంగు బయటికొచ్చిందే అన్నారు. ఎరుపు అద్దినామె సంగతి రాజలక్ష్మే చెప్పింది. ఆయన బొమ్మను వెలుతురుకు పట్టి మిగతా ఎర్ర అంగీలు వెతికారు. అన్నింట్లోనూ ఎరుపు కుడివైపుకే జరిగింది. ఇన్నేళ్లు పాఠం చెప్పి ఇది చూడలేదన్నారు.

గుడ్డ కింద పెట్టే చీటీ తీసి నా పేరు రాశారు. పక్కన రాజలక్ష్మి పేరు రాయబోతే ఆమె వద్దంది.

"ఎరుపు నాది కాదు సారు. గామె పేరు రాయుండ్రి."

ఆ ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదని ఆయన అన్నారు.

"అయితే గదే రాయుండ్రి."

సారు నా పేరు పక్కన ఆ మాటే రాశారు.