ఒక్క చెయ్యి

కుడి బూటు లేసు కట్టడం అయింది. ఎడమ బూటు దగ్గరికి వచ్చేసరికి ఆ వైపు భుజం మళ్ళీ లాగింది. లేసు కొసలు రెండూ వేళ్ళ మధ్య పట్టుకుని, మంచం అంచున అలాగే వంగి కూర్చుని, అది తగ్గేదాకా నేలకేసి చూశాడు. ఇరవై రెండేళ్ళు కొండ మీద స్ట్రెచరు మోసిన భుజం. దానికి లాగే హక్కు ఉందని అతని నమ్మకం.

"ఏవండీ, మళ్ళీ లాగుతోందా?" వంటింట్లోంచి భార్య అడిగింది. ఆవిడకి చూడకుండానే కనిపిస్తుంది.

"పక్క సరిగ్గా కుదర్లేదులే."

"రెండ్రోజుల నించీ పక్కదే తప్పా? డాక్టరుకి చూపించుకోండంటే వినరు. ఇవాళొక్కరోజు మానెయ్యకూడదూ?"

"ఇవాళ మానేస్తే ఇక ఎప్పటికీ మానెయ్యడమే. అక్కడ ఆ బొమ్మ కాచుక్కూర్చుంది."

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. చొక్కా భుజం కిందికి లాగి, నొప్పుల మందు రాసి, అరచేత్తో గట్టిగా రుద్దింది. తర్వాత ఆకుపచ్చ ఫ్లాస్కు తెచ్చి సంచిలో పెట్టింది. దాని అడుగు సొట్టపోయింది, మూత మీద రంగు ఊడింది, కానీ ఆవిడకి దాని మీద ఉన్న గర్వం మొగుడి మీద కూడా లేదు. "సాయంత్రానిక్కూడా నాలుక కాలుతుంది. చూసుకుని తాగండి," అంది, రోజూ అన్నట్టే.

అతని ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఊరవతల కొండ మీద ఏటా డ్రోన్ల పోటీలు జరుగుతాయి. కాలేజీల వాళ్ళూ, కంపెనీల వాళ్ళూ కింద గుడారాల్లో కూర్చుని, కొండల్లో తప్పిపోయిన మనుషుల్ని వెతకడానికి డ్రోన్లను పైకి పంపుతారు. వెతకాలంటే ముందు ఎవరో ఒకరు తప్పిపోవాలి కదా. ఆ తప్పిపోయే పని ఇతనిది. గుండె మీద నంబరు అట్ట కట్టుకుని రాళ్ళ మధ్య వెల్లకిలా పడుకుంటాడు. డ్రోను వచ్చి, నంబరు చదివి, పక్కన సబ్బుబిళ్ళంత పొట్లం ఒకటి జారవిడిచి వెళ్ళిపోతుంది. కింద చప్పట్లు. తర్వాత ఇంకో జట్టు. రోజుకు ఎనిమిదిసార్లు దొరికి, ఒక్కసారి కూడా ఎవరూ ఇంటికి చేర్చని మనిషి అతను. కుర్రకారు అతనికి 'శవం' అని పేరు పెట్టారు. "శవం టీ తాగిందా?", "శవానికి ఇంకో బన్ను ఇవ్వండ్రా" అని మేలమాడతారు. అతనూ నవ్వుతాడు. నవ్వకపోతే బాగుండదని.

మోకాళ్ళు అరిగాయనీ, ఇక డ్రోన్లు వచ్చాయనీ సహాయ దళంలోంచి అతన్ని ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు. ఆనాటి నుంచి అతన్ని కొండెక్కించే పని ఇదొక్కటే. కొండ కింద ఉండి కొండను చూడటం అతనికి చేతకాదు.

దానికీ ఇప్పుడు ఎసరు వచ్చింది. నిరుడు కందిరీగ మెడ మీద కుట్టబోతే చెయ్యి విసిరాడు. ఆ కదలిక వల్లే తమ పోటీదారులకి మనిషి కనిపించాడని ఒక జట్టు గొడవ చేసింది. రౌండంతా మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అందుకని ఈ ఏడు ఒక బొమ్మను కొన్నారు. ఒంటి లోపల బిళ్ళలు వేడెక్కుతాయి, కెమెరాకి అచ్చం మనిషిలా కనిపిస్తుంది. దాన్ని సామాన్ల గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఈసారి కూడా ఇతను కదిలితే, వచ్చే ఏడు నించి ఆ చోటు దానిది.

గుడారంలో అతని పాత జోడీ జడ్జీల బల్ల వెనక ఉన్నాడు. స్ట్రెచరుకి ముందు ఇతను, వెనక అతను. ఇరవై రెండేళ్ళూ అంతే. చదువు నాలుగక్షరాలు ఎక్కువుండటంతో అతను జడ్జీ అయ్యాడు, ఇతను శవమయ్యాడు. ఇతన్ని చూడగానే అతను దూరం నించే బన్ను ఎత్తి చూపించాడు. ఇతను కుడిచెయ్యి ఒక్కటీ పైకెత్తాడు. ఒక్క చెయ్యి ఎత్తితే 'అక్కర్లేదు' అని. రెండు చేతులూ ఎత్తితే 'సాయం కావాలి' అని. కొండ మీద హెలికాప్టరుకి చూపించే సైగలవి. బన్నుల దగ్గర్నించి చావుల దాకా వాళ్ళిద్దరూ వాటితోనే మాట్లాడుకునేవారు.

"వద్దంటే వద్దని నోటితో చెప్పి చావొచ్చుగా!" అని అరిచాడు జోడీ.

పోటీలు నడిపే ఇంజనీరమ్మ చేతిలో కాగితాలతో పరుగున వచ్చింది. మంచి పిల్లే, కానీ ఎప్పుడూ తొందర.

"బాబాయ్ గారూ, మీది ఏడో నంబరు. వాకీటాకీలు జడ్జీలకే సరిపోయాయి, ఏమనుకోకండి. నిజంగా అవసరమైతే డ్రోనుకి రెండు చేతులూ ఎత్తి చూపించండి, వెంటనే ఆపేస్తాం. లేదంటే మాత్రం అస్సలు కదలొద్దు. ఇంకోటి, అందరిదీ అయ్యేదాకా టీ తాగకండి. ఆవిరి కెమెరాలో తెల్లగా పడుతోందట."

"రెండు చేతులా, ఒక చెయ్యా అని ఎవరికి చెబుతున్నావమ్మా?" జోడీ వెనక గుడారం గుడ్డకేసి చూపించాడు. అక్కడ వెలిసిపోయిన బొమ్మలు రెండు ఉన్నాయి. రెండు చేతులెత్తిన మనిషి, ఒక చెయ్యెత్తిన మనిషి. "అవి గీసిందే వీడు."

ఇంజనీరమ్మ నాలిక్కరుచుకుని వెళ్ళిపోయింది.

ఎక్కడానికి ఎప్పుడూ పట్టే టైముకి ఇవాళ రెట్టింపు పట్టింది. మూడుచోట్ల ఆగాడు. ఎదురుగాలి అనుకున్నాడు. తన చోటికి చేరి, ఫ్లాస్కున్న సంచిని రెండు బండల సందులో దోపి, అట్ట సరిచేసుకుని పడుకున్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

మొదటి డ్రోను వచ్చింది. నంబరు చదివింది, పొట్లం వేసింది, పోయింది. రెండోదీ అంతే. పొట్లాల్లో ఉండేది ఇసుక. పైన మాత్రం 'ధైర్యంగా ఉండండి, సాయం వస్తోంది' అని అచ్చువేసి ఉంటుంది. ఏళ్ళ తరబడి చదివినా అతనికి ఆ మాట మీద కోపం పోలేదు.

మూడో డ్రోను నెత్తిమీద ఉండగా నొప్పి వచ్చింది. ఇది పొద్దుటి లాగుడు కాదు. ఛాతీ మీద ఎవరో బండ పెట్టి, దాని మీద ఎక్కి కూర్చున్నట్టుంది. ఒళ్ళంతా చెమట పట్టింది. అతను పళ్ళు బిగించాడు. సామాన్ల గదిలో కుర్చీలో కూర్చున్న బొమ్మ కళ్ళ ముందు కదిలింది. దానికి నొప్పి ఉండదు, కందిరీగ ఉండదు, పెళ్ళాం చేసిన టీ ఉండదు. దాని ముందు ఓడిపోకూడదని, ఒక్క వేలు కూడా కదపకుండా పడుకున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుక కూడా ఆట చెడిపోకూడదనే చూసింది. డ్రోను పొట్లం వేసి పోయింది.

నాలుగోది వచ్చేసరికి ఉద్యోగం సంగతి అతనికి గుర్తులేదు. బతకాలనిపించింది, అంతే. చేతులెత్తాలనుకున్నాడు. కుడిచెయ్యి లేచింది. ఎడమది లేవలేదు. ఎవరిదో చెయ్యిలా పక్కన పడి ఉంది. ఒక్క చేత్తో తను ఏం చెబుతున్నాడో అతనికి బాగా తెలుసు. ఆ బొమ్మ గీసింది తనే. కాదు, కాదు అని తల తిప్పబోయాడు. మొహం మాత్రం వంకర తిరిగింది.

కింద గుడారంలో తెర మీద అది స్పష్టంగానే కనిపించింది.

"బాబాయ్ గారు కదిలారు," ఇంజనీరమ్మ కంగారుపడింది. "చెయ్యెత్తారు. మనిషిని పంపనా?"

జోడీ కళ్ళజోడు సవరించుకుని చూశాడు. డ్రోన్లు నడిపేవాళ్ళకి ఆ సైగలు తెలియవు. అక్కడ ఆ భాష వచ్చినవాడు అతనొక్కడే.

"ఒక్క చెయ్యేగా. ఏమీ అక్కర్లేదంటున్నాడు. అదిగో చూడు, నవ్వుతున్నాడు కూడా. పొద్దున్న బన్ను దగ్గర తిట్టాను కదా, దానికి బదులు."

"మరి కదిలినట్టు రాయాలి కదండీ."

"రాయకమ్మా. రాస్తే వచ్చే ఏడు బొమ్మని పెట్టేస్తారు. వాడు కొండెక్కకుండా బతకలేడు."

ఆమె రాయలేదు.

పైన డ్రోను చప్పుడు దూరమైంది. అతను సందులోని సంచి వైపు చూశాడు. రెండు బారల దూరం. ఒకసారి ఇదే కొండమీద ఒక ఆడమనిషిని వెతికి పట్టుకున్నారు. తను వంగగానే ఆమె అతని చొక్కా కాలరు పట్టుకుని, కిందికి దించేదాకా వదల్లేదు. గుండీలు రెండు తెగిపోయాయి. దొరకడమంటే అదీ. మనిషి చేతికి మనిషి తగలాలి. ఇప్పుడు తనకి ఎవరి కాలరైనా కావాలని అతనికి చాలా గట్టిగా అనిపించింది. కుడిచెయ్యి గాలిలో కాసేపు వెతికి, మెల్లిగా నంబరు అట్ట మీదికి దిగింది.

అయిదో డ్రోను వచ్చేసరికి అతను చక్కగా పడుకుని ఉన్నాడు. ఆరోదీ, ఏడోదీ కూడా నంబరు చదివి పొట్లాలు వేసిపోయాయి. ఈసారి శవం బుద్ధిగా ఉందని ఎవరో అన్నారు.

ఎనిమిదో జట్టు వంతుకి మంచు దిగింది. మామూలు కెమెరాకి ఏమీ కనిపించలేదు, వేడిని చూసే కెమెరా ఒక్కటే దిక్కు. దానితో మూడుసార్లు గాలించి, ఆ జట్టు నాయకుడు జడ్జీల బల్ల మీద చేత్తో కొట్టాడు.

"ఏడో నంబరు దగ్గర మనిషి లేడండీ! మొహం దగ్గర తెల్లగా పడాలి కదా, ఏమీ లేదు. అక్కడున్నవి ఉత్త రాళ్ళు. మాకు అన్యాయం జరిగింది."

తెర మీద బండలు బూడిదరంగులో ఉన్నాయి. వాటి మధ్య మనిషంత పొడవున ఇంకాస్త బూడిదరంగు ఉంది. జోడీ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. వయసు మరిచిపోయి కొండకేసి పరిగెత్తాడు.

చీకటి పడకముందే జోడీయే ఆ ఇంటికి వెళ్ళాడు. విషయం అప్పటికే వేరేవాళ్ళు చెప్పారు, ఆవిడ ఏడుపూ ఒక విడత అయింది. అతను సంచి బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాడు.

"వదినా, నేను చూశాను. చెయ్యెత్తాడు. కానీ ఒక్కటే ఎత్తాడు. రెండూ ఎత్తితే... ఒక్కటే ఎత్తాడు వదినా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"ఎడమ చెయ్యి రెండ్రోజుల నించీ లాగుతోందన్నారు," అంది. "పొద్దున్నే మందు రాశాను."

అతను వెనక్కి తిరిగాడు. వాకిలి దాటి వెళ్ళిపోయాడు. ఆ ఇంటికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆవిడ సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది. నంబరు అట్ట. మఫ్లరు. ఎవరు వేశారో, ఇసుక పొట్లాలు ఏడు. చివర ఆకుపచ్చ ఫ్లాస్కు. బరువుగా ఉంది. కడిగి బోర్లించాలని, అలవాటుకొద్దీ మూత తిప్పింది. టీ ఇంకా నాలుక కాలేంత వేడిగా ఉంది.